రోజుకు 200 రూపాయలు, ఒక నవ్వు బొమ్మ: మూడు ఆవకాయ సీజన్లు వాడి చూశాక

మూడు ఆవకాయ సీజన్లుగా మా పచ్చళ్ల కోసం ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో నవ్వొచ్చే బొమ్మలు పెట్టి, డబ్బులు కట్టి బూస్ట్ చేస్తున్నాను, అంటే పోస్టుని ప్రకటనలా ఎక్కువమందికి చూపిస్తున్నాను. మాది తెనాలి. ఇంట్లోనే చేస్తాం, నేనూ మా అత్తయ్యా, సీజన్‌లో ఇంకో ఇద్దరు. ఇన్నాళ్లు వాడాక గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. జోకు మన సరుకు మీదే ఉండాలి. బొమ్మలోంచి పచ్చడి జాడీ తీసేసినా జనం అంతే నవ్వుతారనిపిస్తే దాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

మొదటి ఏడాది నాకిది తెలియదు. తెలిసిన కుర్రాడొకడు ఒక సినిమా స్టిల్ మీద సోమవారం ఆఫీసు జోకు రాసి, మూలన మా పేరు వేసి ఇచ్చాడు. బాగా నవ్వొచ్చింది, రెండు రాష్ట్రాలకూ కలిపి వదిలాను. లైకులు చూసి మురిసిపోయాం కానీ ఫోన్ ఒక్కటీ మోగలేదు. లైకు కొట్టింది దాదాపు అందరూ కాలేజీ కుర్రాళ్లు. పైగా నాలుగో రోజు ఆ సినిమా వాళ్ల తరఫున కాపీరైట్ ఫిర్యాదు వచ్చి పోస్టు పోయింది. అప్పటినుంచి ఎవరి సినిమా ఫోటోలూ ముట్టుకోలేదు.

పని చేసిన బొమ్మ మా మేనల్లుడు ఫోన్‌లో గీసింది. తెరిచి పెట్టిన సూట్‌కేసు, నిండా టేపు చుట్టిన పచ్చడి డబ్బాలు, ఓ మూల మడత పెట్టిన రెండు చొక్కాలు. పక్కన తూకం చూస్తూ అమ్మ, "23 కిలోలు దాటింది నాన్నా, ఆ రెండో చొక్కా తీసేయ్" అంటుంది. అంతే. పిల్లల్ని అమెరికా పంపిన ప్రతి ఇంట్లోనూ జరిగే సీన్ ఇది. డబ్బు పెట్టకుండా రెండు రోజులు ఊరికే ఉంచాను, ఎందుకంటే ఊరికే పెట్టినప్పుడు నవ్వనివాళ్లు డబ్బిచ్చి చూపించినా నవ్వరు. కామెంట్లలో పిల్లలు వాళ్ల అమ్మల్ని ట్యాగ్ చేయడం మొదలుపెట్టారు. లైకు కన్నా ఈ ట్యాగులు, షేర్లే నాకు లెక్క, డాలస్‌లో ఉన్న కొడుకు గుంటూరులో ఉన్న అమ్మకి పంపితే ఆవిడ మాకు ఫోన్ చేస్తుంది.

అప్పుడు రోజుకు 200 చొప్పున ఐదు రోజులు పెట్టాను. తెనాలి, గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల మాత్రమే, వయసు 45 దాటినవాళ్లు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ ప్రకటనతో ఏం కావాలని ఫేస్‌బుక్ అడిగినచోట లైకులు, కామెంట్లు కాకుండా వాట్సాప్ మెసేజ్‌లు అని ఎంచుకున్నాను. లైకులు కావాలంటే అలవాటుగా లైకు కొట్టేవాళ్లకే ఎక్కువగా చూపిస్తుంది, మెసేజ్‌లు కావాలంటే మెసేజ్ చేసే రకం వాళ్లని వెతుకుతుంది. ఈ ఒక్క మార్పుతో ఆ ఐదు రోజుల్లో 31 మంది మెసేజ్ చేస్తే 12 మంది కొన్నారు. చిన్న లెక్కే, మా ఇంటికి మాత్రం పెద్దది. అందరూ మొదట అడిగేది "కేజీ ఎంతండీ" అనే, అందుకే వాట్సాప్‌లో పలకరింపు మెసేజ్‌లోనే రేట్లు పెట్టేశాను. బొమ్మ మీద మాత్రం రేటు వేయను, వేస్తే నవ్వు చచ్చిపోతుంది.

డబ్బు సంగతి ముందే తెలుసుకోండి. ప్రకటనల మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది, ముందుగా 1,000 వేసుకుంటే ప్రకటనకు మిగిలేది 847 దాకా. 2024లో మొదలైన ఇంకో ఖర్చు, ఐఫోన్ యాప్‌లోంచి బూస్ట్ చేస్తే పడే యాపిల్ చార్జీ. బ్రౌజర్‌లోంచి చేసుకుంటే ఆ బాధ లేదు. బొమ్మ నిలువుగా, 1080కి 1350 సైజులో ఉంటే ఫోన్‌లో ఎక్కువ చోటు తీసుకుంటుంది. మాట ఒక్క వాక్యం దాటకూడదు, అక్షరాలు మా అత్తయ్య కళ్లజోడు లేకుండా చదవగలిగేంత ఉండాలి. ఆవిడకి చూపించకుండా ఇప్పుడేదీ పెట్టడం లేదు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. రెండో ఏడాది అత్తాకోడళ్ల మీద ఒక జోకు వేశాను, కారం ఎక్కువైంది పచ్చడిలోనా అత్తగారి మాటలోనా అని. నవ్వినవాళ్లు చాలామందే. సాయంత్రం మా పాత కస్టమర్ ఒకావిడ మెసేజ్ పెట్టారు: "అమ్మా, నేనూ అత్తనే. మీ దగ్గర కొనే పచ్చడి నా కోడలి కోసమే." చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. వెంటనే ప్రకటన ఆపి, పోస్టు తీసేసి, ఆవిడకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఖర్చయిన డబ్బు గురించి ఆ రోజు ఆలోచించనే లేదు. మన ప్రకటన డబ్బిచ్చి జనం ఇంట్లోకి తోస్తున్నాం, వాళ్లు వెతుక్కుంటూ వచ్చి చూడటం లేదు కదా, అందుకే ఎవరి మనసూ నొప్పించని జోకు కావాలి.

ఇంకో ఇబ్బంది, జోకు త్వరగా పాతబడుతుంది. మామూలు పచ్చడి ఫోటోని ఒకే మనిషి ఐదుసార్లు చూసినా పర్లేదు, జోకు మూడోసారికే విసుగు. ప్రకటనల లెక్కలు చూసుకునే యాడ్స్ మేనేజర్‌లో ఫ్రీక్వెన్సీ అని ఒక అంకె ఉంటుంది, ఒక్కో మనిషి సగటున ఎన్నిసార్లు చూశాడో చెబుతుంది. అది 2 దాటగానే ఆపేస్తున్నాను. కిందటేడాది సూట్‌కేసు బొమ్మనే మళ్లీ వేస్తే సగం మెసేజ్‌లు కూడా రాలేదు. నేరుగా అమెరికాలోని తెలుగువాళ్లకి కూడా ఒకసారి చూపించాను, అక్కడ ఒక్కో మెసేజ్‌కి పడే ఖర్చు మాకు కిట్టలేదు. అమ్మల ద్వారా వెళ్లడమే మేలు.

ఈసారి మేనల్లుడు కొత్తది గీశాడు. ఎయిర్‌పోర్టులో స్కానర్ ముందు ఆఫీసరు డబ్బా వాసన చూసి, "ఇది ఎవరి ఇంటిది?" అని అడుగుతుంటే వెనక లైన్లో ఉన్న తెలుగువాళ్లందరూ చెయ్యెత్తుతారు. అత్తయ్య చూసి నవ్వింది, చదవడానికి కళ్లజోడు అడగలేదు. ముక్కలు కొట్టించే వారానికి ముందు ఊరికే పెట్టి, రెండు రోజులు కామెంట్లు చూసి, ట్యాగులు వస్తేనే 200 పెడతాను.