బొగత జలపాతానికి మూడుసార్లు, బావతో

ఫోన్‌లో 1,800 అన్న రూమ్‌కు, రాత్రి ఎనిమిదింటికి సామాను దించాక 2,400 అన్నాడు. ఇదేంటన్నా అంటే "ఆదివారం గదా సార్, బొగత సీజన్" అని తాళంచెవి టేబుల్ మీద పెట్టాడు. దుప్పట్లు ముక్కవాసన. తొమ్మిదింటికి కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద తిరిగేది ఒక్క ఫ్యానే. పొద్దున వేడినీళ్లు బకెట్‌కు 50, ఐదుగురికి 250. లాడ్జి చూసింది నేనే కాబట్టి అక్క ములుగు దాకా నాతో మాట్లాడలేదు. హన్మకొండ నుంచి బొగత 140 కిలోమీటర్ల లోపే. గోదావరి మీద ముల్లకట్ట వంతెన రాకముందు భద్రాచలం మీదుగా చుట్టూ తిరగాల్సి వచ్చేది, ఇప్పుడా బాధ లేదు. ఐదింటికి బయల్దేరి సాయంత్రానికి ఇంటికి రండి, లాడ్జి ఊసే వద్దు.

అది జులై. వాగు చిక్కటి ఛాయ్ రంగులో ఉంది. జలపాతం కనిపించేలోపే చప్పుడు ఛాతీలో వినిపించింది. నీళ్లలోకి ఎవర్నీ దిగనివ్వలేదు. "రెయిలింగ్ పట్టుకోనీకి ఇంత దూరం తెచ్చినవా?" అని బావ మొహం మాడ్చుకున్నాడు. పైనుంచి ఒక చెట్టుకొమ్మ కొట్టుకొచ్చి పడింది. కిందికి పోవాల్సింది పోయి, వెనక్కి ధార కిందికే వచ్చింది, మునిగింది, తేలింది, మళ్లీ వెనక్కి. మా మేనకోడలు పదకొండు దాకా లెక్కపెట్టి విసిగిపోయింది. ఆ తర్వాత బావ నీళ్ల మాట ఎత్తలేదు.

వానాకాలంలో వెళ్లేవాళ్లు భద్రాచలం దగ్గర గోదావరి ఎంతుందో చూసుకుని కదలండి. 43 అడుగులకు అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నది పొంగితే బొగత ఉన్న వాజేడు వైపు రోడ్ల మీదికి నీళ్లొస్తాయి, టేకులగూడెం దగ్గర హైవే మునిగిన రోజులున్నాయి.

దసరా దాటాక మళ్లీ వెళ్లాం. రీల్స్‌లో జులై నీళ్లే గొప్పగా కనిపిస్తాయి గానీ, నన్నడిగితే బొగత అంటే ఇదే. నీళ్లు తేటపడ్డాయి, ధారలు వేటికవే విడిపోయి పాలలా పడుతున్నాయి. ఆ రోజు మడుగు అంచున దిగనిచ్చారు. బావ మాత్రం నడిమధ్య నురుగులోకి దూకుతానని చొక్కా విప్పాడు. పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు: "తెల్లగ కనవడ్డకాడ బండ ఉంటది సారూ. నల్లగ, నున్నగ జారేకాడ లోతు. నీళ్లు ఎర్రగొస్తే రెండూ కనవడయ్." పైగా నురుగులో సగం గాలే, మనిషిని తేలనివ్వదట. బావ అలిగి మోకాలి లోతులో కూర్చున్నాడు, రెండు గంటలు లేవలేదు.

తిరుగు దారిలో గోదావరి చేపల పులుసు, అన్నం. ఐదుగురికి 620. పులుసు రెండోసారి పోసినందుకు పైసా తీసుకోలేదు. లాడ్జివాడు గుర్తొచ్చి మళ్లీ ఒళ్లు మండింది.

మూడోసారి ఫిబ్రవరిలో, మేడారం మొక్కు తీర్చుకుని అటే పోయాం. ధారలు దారాల్లా ఉన్నాయి. ఇందుకోసమే అయితే అంత దూరం పోకండి, లక్నవరం చెరువు నయం. మడుగు బాగా తగ్గింది. నడిమధ్య ఎద్దు వీపంత బండ, అంచు గొడ్డలిలా పైకి తేలి ఉంది. బావ ఫోన్‌లో అక్టోబరు ఫొటో తీసి, దాన్నీ బండనూ మార్చి మార్చి చూశాడు.

"గిక్కడ్నేనా?" అన్నాడు.

"గిక్కడ్నే," అంది అక్క.