ఏ ఫోనైనా పెట్టుకోవచ్చు, ఫ్లాష్ టైమ్ కుదిరితే

మా ఆఫీసులో చిన్న ఈపీఏబీఎక్స్, అంటే ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే సొంత ఎక్స్ఛేంజ్ సిస్టమ్, పెట్టించి చాలా ఏళ్లయింది. దానికి తగిలించిన ఫోన్లు ఏ రెండూ ఒక్క రకం కావు. పాతది పాడైనప్పుడల్లా అప్పటికి ఏది దొరికితే అది పెట్టుకుంటూ వచ్చాం. వైరు గుచ్చగానే డయల్ టోన్ వస్తుంది, గంట మోగుతుంది, మాట శుభ్రంగా వినిపిస్తుంది. అందుకే మామూలు ఫోన్లు పనిచేసే సిస్టమే తీసుకోండని అడిగినవాళ్లందరికీ చెబుతూ వచ్చాను. ఇప్పుడూ అదే చెబుతాను, కానీ ఫోన్ కొనేముందు దాని ఫ్లాష్ టైమ్, అంటే ఫ్లాష్ బటన్ నొక్కితే లైన్ తెగి ఉండే సమయం, ఎంతో అడిగి మరీ కొనండి.

అకౌంట్స్ టేబుల్ మీద ఫోన్ మార్చాక మాకు కష్టాలు మొదలయ్యాయి. బయటి కాల్‌ని ఇంకొకరికి ఇవ్వాలంటే ఫ్లాష్ నొక్కి ఎక్స్‌టెన్షన్ నంబరు కొట్టాలి. కొత్త ఫోన్‌లో ఫ్లాష్ నొక్కినా చలనం లేదు. అవతలి మనిషి లైన్లోనే ఉండిపోయేవారు. మేం నంబరు కొడుతుంటే ఆ బీప్‌లన్నీ ఆయన చెవిలోనే. ఇలా కాదని రిసీవర్ పెట్టే చోటున్న మీటను వేలితో తట్టి చూశాం. ఒకసారి ట్రాన్స్‌ఫర్ అయ్యేది, ఇంకోసారి కాల్ కట్టయ్యేది. డబ్బు విషయం మాట్లాడుతున్న మనిషి కాల్ అలా తెగిపోతే ఎంత టెన్షనో! మేం కావాలనే పెట్టేశామనుకునేవారు. ఫోన్ అమ్మినవాళ్లు సిస్టమ్‌దే లోపం అన్నారు, సిస్టమ్ పెట్టినవాళ్లు ఫోన్‌దే అన్నారు. మధ్యలో నలిగింది మేం.

చివరికి తేలిందేమిటంటే, రెండింటిలోనూ లోపం లేదు. ఫ్లాష్ నొక్కడం అంటే లైన్‌ని ఓ క్షణం తెంచి మళ్లీ కలపడమే. ఆ క్షణం ఎంతసేపన్నది ఫోన్‌ని బట్టి మారుతుంది. కొన్ని 100 మిల్లీసెకన్లు తెంచుతాయి, కొన్ని 600. మా సిస్టమ్ ఇంత నుంచి ఇంతలోపు అని హద్దు పెట్టుకుంది. అంతకన్నా తక్కువైతే పట్టించుకోదు, ఎక్కువైతే రిసీవర్ పెట్టేశారనుకుని కాల్ కట్ చేస్తుంది. కొత్త ఫోన్ 100 రకం. వేలితో తట్టినప్పుడేమో ఎంతసేపు తట్టామన్నదాన్ని బట్టి ఫలితం వచ్చేది. ఇంత చిన్న అంకెను పెట్టె మీద ముద్రించరెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సిస్టమ్‌లో ఆ హద్దును ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి విడిగా మార్చుకోవచ్చని తెలిసినప్పుడు ప్రాణం లేచొచ్చింది. టెక్నీషియన్ అకౌంట్స్ ఫోన్‌కి మాత్రమే కింది హద్దు తగ్గించాడు. అన్నిటికీ తగ్గించవద్దన్నాడు. ఎందుకంటే స్టోర్ రూమ్‌లో పల్స్ డయలింగ్ ఫోన్ ఒకటుంది. పల్స్‌లో అంకెలు కూడా లైన్ తెగడం, కలవడమే. ఒక్కో తెగుడు సుమారు 60 మిల్లీసెకన్లు. హద్దు మరీ కిందికి దించితే అంకె ఏదో, ఫ్లాష్ ఏదో సిస్టమ్ తేల్చుకోలేదు.

కాలర్ ఐడీ కూడా అన్ని మోడళ్లలో రాదు, కానీ మాకు అది పెద్ద ఇబ్బంది కాలేదు. రిసెప్షన్‌లో ఉన్నది సిస్టమ్ కంపెనీ వాళ్ల కీ ఫోన్. ట్రాన్స్‌ఫర్‌కి దానిలో విడిగా బటనుంది, ఎప్పుడూ తప్పలేదు. అయితే ఆ ఫోన్ ఆ సిస్టమ్‌కే పనికొస్తుంది, మరో దానికి తగిలించలేం.

మాకు రోజంతా ట్రాన్స్‌ఫర్లే కాబట్టి నాకు ఈ ఫ్లాష్ బటన్ ఇంత ముఖ్యమైంది. వచ్చిన కాల్ ఎత్తి మాట్లాడి పెట్టేసే ఇంటికైతే ఏ ఫోనైనా సరిపోవచ్చు. మళ్లీ కొనాల్సి వస్తే నేను మాత్రం ఫ్లాష్ టైమ్ మార్చుకునే వీలున్నదే చూస్తాను. కొన్నింటికి అడుగున చిన్న స్విచ్ ఉంటుంది, కార్డ్‌లెస్‌లో చాలావాటికి మెనూలో ఉంటుంది. మా కార్డ్‌లెస్‌ని రీసెట్ చేస్తే ఆ సెట్టింగ్ మొదటికి వచ్చేస్తుంది, అందుకే ఆ అంకెను కాగితం మీద రాసి బేస్ కింద అంటించాం.