బ్లాక్ డైమండ్ మైన్స్: రెండు లూపుల్లో ఏది, ఏ నెలలో

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాకి తూర్పున, ఆంటియోక్ ఊరి వెనక గుట్టల్లో ఉన్న బ్లాక్ డైమండ్ మైన్స్ పార్కులో పాడుబడ్డ గనుల ఊళ్ళు కనిపిస్తాయనుకుని వెళ్ళేవాళ్ళకి మొదటి గంటలోనే నిరాశ తప్పదు. అక్కడ ఊళ్ళు లేవు. 1860ల నుంచి దాదాపు 40 ఏళ్ళ పాటు నార్టన్‌విల్, సోమర్స్‌విల్, స్టూవర్ట్‌విల్, వెస్ట్ హార్ట్లీ, జడ్సన్‌విల్ అని అయిదు ఊళ్ళు ఉండేవి. కాలిఫోర్నియాలో అతిపెద్ద బొగ్గు తవ్వకం జరిగింది ఇక్కడే. బొగ్గు నాసిరకం, తవ్వే ఖర్చు పెరిగింది, వాషింగ్టన్ రాష్ట్రం నుంచి మేలైన బొగ్గు రావడం మొదలైంది. గనులు మూతపడగానే జనం ఇళ్ళు కూడా విప్పుకుని పట్టుకుపోయారు. కాబట్టి చూడాల్సింది గోడల్ని కాదు, నేలని. గడ్డి సరిగ్గా మొలవని నల్లటి వాలు కనిపిస్తే అది గని చెత్త పోసిన దిబ్బ. పచ్చిక గుట్టల మధ్య సంబంధం లేకుండా సైప్రస్ చెట్టో, పెప్పర్ చెట్టో నిలబడి ఉంటే అక్కడ ఎవరో కాపురం ఉన్నారని లెక్క.

హైవే 4 మీద సోమర్స్‌విల్ రోడ్ ఎగ్జిట్ దగ్గర దిగి దక్షిణంగా వెళ్తే రోడ్డు పార్కులోనే ముగుస్తుంది. ముందు సిడ్నీ ఫ్లాట్ వస్తుంది. నడక మొదలయ్యేది అక్కడ కాదు, ఇంకో మైలు పైన ఉన్న పార్కింగ్ దగ్గర. గేటు దగ్గర మనిషి ఉన్న రోజుల్లో కారుకి 5 డాలర్లు తీసుకుంటారు. బార్ట్ రైలు ఆంటియోక్ దాకా వస్తుంది కానీ స్టేషన్ నుంచి ట్రైల్ దగ్గరకి బస్సు లేదు, కారు ఉండాల్సిందే. మూసే వేళ గేటు మీద రాసి ఉంటుంది, కాలాన్ని బట్టి మారుతుంది. లోపలికి వెళ్ళేటప్పుడే చదువుకోండి, ఆలస్యమైతే కారు లోపలే ఉండిపోతుంది.

ఎక్కువమంది నడిచేది పడమటి లూపు: నార్టన్‌విల్ ట్రైల్ ఎక్కి, బ్లాక్ డైమండ్ ట్రైల్ మీదుగా తిరిగి రావడం. పక్కదారులు ఎన్ని కలుపుకుంటారన్న దాన్ని బట్టి ఆరేడు మైళ్ళు. మొదట్లోనే నిట్టనిలువు ఎక్కుడు, నీడ లేదు. ఆ ఎక్కుడు మీదే రోజ్ హిల్ శ్మశానం వస్తుంది. ఎక్కువగా వేల్స్ నుంచి వచ్చిన గని కార్మికుల కుటుంబాలది. రాళ్ళ మీద వయసులు చదివితే పిల్లలవే ఎక్కువ కనిపిస్తాయి, అంటురోగాలు అలా ఊడ్చేశాయి. 1876లో నార్టన్‌విల్ గని పేలుడులో పోయినవాళ్ళూ ఈ గుట్ట మీద ఉన్నారు. కనుమ దాటి నార్టన్‌విల్ ఊరి స్థలం దాకా దిగితే మళ్ళీ అంతా ఎక్కాలి. వేసవిలో నీళ్ళు అయిపోయేది ఈ రెండో ఎక్కుడు దగ్గరే. శ్మశానం చూడడమే పని అయితే లూపు అక్కర్లేదు, అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వస్తే సరిపోతుంది.

ఒక్క రోజే ఉంటే తూర్పు వైపు స్టూవర్ట్‌విల్ లూపు మేలు. బొగ్గు కోసం తవ్విన సొరంగంలోకి గైడు లేకుండా అడుగుపెట్టే వీలు ఉన్నది అక్కడే. ప్రాస్పెక్ట్ టన్నెల్‌ని 1860ల్లో బొగ్గు కోసం వెతుకుతూ తవ్వారు. మొత్తం 400 అడుగులు, అందులో కొంత దూరం దాకా నడవనిస్తారు, ఆ తర్వాత ఇనప అడ్డం. తలకి కట్టుకునే లైటు ఒకటి, జేబులో ఇంకొకటి ఉండాలి. ఫోన్ లైటుతో నడిస్తే చేయి ఖాళీగా ఉండదు, కింద తడి, పైన రాయి. అడ్డం దాటకూడదన్నది కేవలం కూలుతుందన్న భయంతో కాదు. గాలి ఆడని పాత బొగ్గు గనుల్లో బొగ్గు ఆక్సిజన్‌ని పీల్చేసుకుంటుంది. మిగిలిన గాలికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. మనిషికి ఊపిరాడట్లేదని తెలిసేలోపే కాళ్ళు సడలిపోతాయి. కొండ వాలులో మూత లేని కన్నం ఏది కనిపించినా ఇదే వర్తిస్తుంది.

ఈ లూపుని పొద్దున్నే రిడ్జ్ ట్రైల్‌తో మొదలుపెట్టి, లోయలోంచి స్టూవర్ట్‌విల్ ట్రైల్ మీద తిరిగి రండి. తిరగేస్తే ఎత్తుపల్లాల శిఖర బాట మిట్టమధ్యాహ్నపు ఎండలో పడుతుంది. మైనర్స్ ట్రైల్ కలుపుకుంటే చూడ్డానికి బావుంటుంది కానీ వాలు మీద సన్నటి బాట, ఎత్తు అంటే కళ్ళు తిరిగేవాళ్ళు మానుకోవడం మంచిది.

అసలు అడ్డంకి బంకమట్టి. వాన పడిన రెండు మూడు రోజుల దాకా బూటు అడుగున పొరలు పొరలుగా అంటుకుని, దిగుడులో పట్టు బొత్తిగా పోతుంది. పైగా ఇక్కడ పశువుల్ని మేపుతారు. తడి నేలలో దిగిన గిట్టల గుంతలు ఆరాక రాయిలా గట్టిపడతాయి, చీలమండలు మడతపడేది ఎక్కువగా అప్పుడే. మార్చి, ఏప్రిల్ నెలల్లో నాలుగు రోజులు పొడిగా ఉన్నాక వెళ్తే పచ్చదనం, పూలు, గట్టి నేల మూడూ దొరుకుతాయి. జులై, ఆగస్టుల్లో ఎండ 100 ఫారెన్‌హీట్ దాటుతుంది, మనిషికి 3 లీటర్లు లేకుండా లూపు పెట్టుకోవద్దు. పొడుగు ప్యాంటు వేసుకోండి: గడ్డిలో పిడుదు పురుగులు, పొదల్లో తాకితే దద్దుర్లు తెచ్చే పాయిజన్ ఓక్ మొక్కలు, వసంతంలో బాట మీదే ఎండ కాచుకునే ర్యాటిల్ పాములు. పశువుల గేట్లు తీసినవాళ్ళే వేయాలి.

బసకి మూడు దారులున్నాయి. స్టూవర్ట్‌విల్ లోయలోనే బ్యాక్‌ప్యాక్ క్యాంప్ ఉంది, ఈస్ట్ బే రీజినల్ పార్క్ డిస్ట్రిక్ట్ దగ్గర ముందే బుక్ చేసుకోవాలి. రాత్రి అంత నిశ్శబ్దం ఈ చుట్టుపక్కల దొరకదు. కాకపోతే సామాను మోసుకునే కనుమ దాటాలి, తాగేనీళ్ళు వెంట తీసుకెళ్ళడమే క్షేమం, చలిమంట కుదరదు. మౌంట్ డయాబ్లో స్టేట్ పార్క్ క్యాంపుల్లో కారు పక్కనే టెంటు వేసుకోవచ్చు. అయితే అక్కడ గేటు సూర్యాస్తమయానికి మూస్తారు, లూపు ఆలస్యమైతే బుక్ చేసుకున్న చోటికే చేరలేరు. చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళకి హైవే 4 పక్కన ఉన్న హోటళ్ళే నయం. గదుల గురించి గొప్పగా చెప్పడానికేం లేదు, పొద్దున ఏడింటికల్లా ట్రైల్ మీద ఉండొచ్చు, అంతే.

గ్రేట్‌హౌస్ విజిటర్ సెంటర్ భూమి లోపల, 1920ల్లో ఇసుక గని కోసం తవ్విన గదిలో ఉంది. బొగ్గు పోయాక ఇక్కడ తవ్వింది గాజు తయారీకి వాడే ఇసుక, అది ఓక్లాండ్‌లోని హేజెల్-అట్లాస్ కంపెనీకి వెళ్ళేది. ఈ సెంటర్ రోజూ తెరవరు, చలికాలంలో మూసేస్తారు. దానికోసమే వెళ్తుంటే శని, ఆదివారాలు చూసుకుని, బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో వేళలు సరిచూసుకోండి. గైడుతో సాగే గని టూర్‌కి వేరే టికెట్, చిన్నపిల్లల్ని రానివ్వరు. అలాంటప్పుడు పెద్దవాళ్ళు వంతులు వేసుకుని వెళ్ళడమే మార్గం.