సెల్స్ కలిపినా బోల్డ్, రంగు పోకూడదంటే ఏ మ్యాక్రో మేలు?

ఎక్సెల్‌లో మూడు సెల్స్‌ను ఒకటి చేయగానే బోల్డ్ పోయింది, ఎరుపు పోయింది, ఏం చేయాలని చాలామంది అడుగుతుంటారు. కన్‌కాటినేట్, టెక్స్ట్‌జాయిన్ అనే కలిపే ఫార్ములాలు ఇక్కడ అక్కరకు రావు. ఫార్ములా ఉన్న సెల్‌లో ఒక మాట ఒక రంగులో, ఇంకో మాట ఇంకో రంగులో ఉండే వీలే లేదు. సొంతంగా రాసుకున్న ఫంక్షన్‌ను సెల్‌లో పెట్టినా అంతే, అది విలువ ఇస్తుంది తప్ప ఫార్మాటింగ్ మార్చలేదు. ఇక మిగిలింది మ్యాక్రో, అంటే ఎక్సెల్‌లోనే వీబీఏ భాషలో రాసుకునే చిన్న ప్రోగ్రామ్. అందులో రెండు పద్ధతులు: అక్షరం అక్షరం నకలు చేయడం, ముక్కలుగా నకలు చేయడం.

ఏ పద్ధతైనా మొదటి మెట్టు ఒకటే. మొత్తం పాఠాన్ని ఒక వేరియబుల్‌లో (మ్యాక్రో తాత్కాలికంగా దాచుకునే చోటు) పోగేసి, కొత్త సెల్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌కు మార్చి, అందులో ఒక్కసారే రాయాలి. ఫార్మాటింగ్ ఆ తర్వాతే. లూప్‌లో ఒక సెల్ చేర్చడం, దానికి రంగు వేయడం, మళ్లీ ఇంకోటి చేర్చడం తప్పు. విలువ తిరగరాసిన ప్రతిసారీ అప్పటిదాకా మాట మాటకూ వేసిన రంగులు చెరిగిపోతాయి. చివరి ముక్క ఒక్కటే సరిగ్గా కనిపిస్తుంటే కారణం ఇదే.

అక్షరం అక్షరం పద్ధతి రాయడం తేలిక. సెల్‌లోని అక్షరాలను విడివిడిగా అందించే క్యారెక్టర్స్‌తో ఒక్కో అక్షరం ఫాంట్ చదివి, కొత్త సెల్‌లో దాని చోట రాస్తే సరి. చిక్కంతా వేగంతోనే. వరుసకు మూడు సెల్స్, సెల్‌కు 80 అక్షరాలు, 500 వరుసలు అనుకోండి: 1,20,000 అక్షరాలు. బోల్డ్, ఇటాలిక్, అండర్‌లైన్, రంగు, సైజు, ఫాంట్ పేరు, సబ్‌స్క్రిప్ట్ అని ఏడు గుణాలు చదివి రాస్తే మ్యాక్రో 16,80,000 సార్లు సెల్ తలుపు తట్టాలి. ఎక్సెల్ బిగుసుకుపోయినట్టు కనిపించేది అందుకే. స్క్రీన్ అప్‌డేటింగ్ ఆపితే కొంత మేలు, కానీ తట్టే లెక్క మారదు.

ముక్కల పద్ధతిలో ముందు సెల్ మొత్తాన్నీ అడుగుతాం. ఫాంట్.బోల్డ్ ట్రూ గానీ ఫాల్స్ గానీ వస్తే సెల్ అంతా ఒకే తీరు; నల్ వస్తే లోపల కలగాపులగం. ఏడు గుణాల్లో ఏదీ నల్ కాకపోతే ఆ సెల్ అంతా ఒకటే ముక్క. అన్నీ అలాంటివే అయితే తలుపు తట్టే లెక్క 16,80,000 నుంచి 21,000కు దిగుతుంది. నల్ వచ్చిన సెల్‌ను సగానికి చీల్చి ఒక్కో సగాన్నీ మళ్లీ అడగాలి, ఒకే తీరు ముక్కలు దొరికేదాకా. కెమిస్ట్రీ ప్రశ్నలో ‘సీఓ2’లోని 2 మాత్రమే కిందికి దిగి ఉంటే, చీలిక దాని చుట్టూనే జరుగుతుంది. కోడ్ ఇరవై లైన్లు పెరిగినా నా ఓటు దీనికే. పది వరుసల పనికైతే మొదటి పద్ధతి చాలు.

సంఖ్యలు, తేదీల సెల్స్‌లో అక్షరానికో ఫార్మాట్ ఉండదు. ఫాంట్ సెల్ నుంచే తీసుకోండి. కనిపించే రూపం కావాలంటే మ్యాక్రోలో సెల్ వాల్యూ కాదు, టెక్స్ట్ అనే గుణాన్ని చదవాలి. అయితే కాలమ్ ఇరుకైతే హ్యాష్ గుర్తులే వచ్చేస్తాయి, ముందే వెడల్పు చేయండి.

తెలుగులో పనిచేసేవాళ్లు ఫాంట్ పేరును అస్సలు వదలొద్దు. అను ఫాంట్లలో టైప్ చేసిన పాఠం యూనికోడ్ కాదు, ఫాంట్ పేరు పోతే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులే మిగులుతాయి. ఇంకోటి, వీబీఏ ఎడిటర్‌లో నేరుగా తెలుగు రాస్తే ప్రశ్నార్థకాలైపోతుంది. మధ్యలో తెలుగు మాట చేర్చాలంటే దాన్ని ఒక సెల్‌లో పెట్టి అక్కడి నుంచి చదివించండి.

వర్డ్‌లోకి పంపి కలిపి తెచ్చుకోవడం ఒకటి రెండు సెల్స్‌కు సరే. పేరా గుర్తు మిగిలితే తిరిగి అతికించేటప్పుడు వేరే వరుసలోకి జారుతుంది. గూగుల్ షీట్స్‌లో గెట్‌రన్స్ అనే ఆదేశం ఒకే తీరు ముక్కలు తనే ఇస్తుంది, కానీ అను ఫాంట్లు అక్కడ నడవవు.

మ్యాక్రో చేసిన మార్పును కంట్రోల్ జెడ్ వెనక్కి తీసుకోదు. ఫలితాన్ని ఖాళీ కాలమ్‌లోకే పంపి, రంగులన్నీ సరిచూసుకున్నాకే పాత కాలమ్స్ తీసేయండి.