జిమ్నీకి 2 అంగుళాల లిఫ్ట్, 235/75 ఆర్15 టైర్లు: తగిలేది ఎక్కడ?

లిఫ్ట్ కిట్ (బాడీని పైకి లేపే పొడుగు స్ప్రింగులు, షాకుల సెట్టు) వేయిస్తే ఎంత పెద్ద చక్రమైనా పట్టేస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. మారుతి జిమ్నీ విషయంలో అది సగమే నిజం. లిఫ్ట్‌తో టైరుకీ పైన ఆర్చ్‌కీ మధ్య జాగా పెరుగుతుంది, అంతే. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు రాసుకునేది లోపల లీడింగ్ ఆర్మ్‌కి (ముందు యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే ఇనుప చేయి), బయట బంపర్ మూలకి. ఆ రెండూ రిమ్ము ఆఫ్‌సెట్ మీద ఆధారపడతాయి. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము నడిమి నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మి.మీ. జరిగి ఉందన్న కొలత, అది తగ్గేకొద్దీ చక్రం బయటికొస్తుంది.

కంపెనీ టైరు 195/80 ఆర్15 (వెడల్పు 195 మి.మీ., పక్కగోడ అందులో 80 శాతం, రిమ్ము 15 అంగుళాలు), ఎత్తు 693 మి.మీ. 235/75 ఆర్15 అయితే 733. యాక్సిల్ కింద నికరంగా పెరిగేది 20 మి.మీ. మాత్రమే. స్ప్రింగులు ఎంత పొడుగు వేసినా బాడీ లేస్తుంది గానీ డిఫరెన్షియల్ (యాక్సిల్ మీది గేర్ల గుండు) లేవదు, దాన్ని లేపేది టైరే.

కంపెనీ రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ +5. 235 టైరుకి అది ఇరుకు, కనీసం 6 ఉండాలి. మార్కెట్లో దొరికేవి ఎక్కువగా 7 అంగుళాలవి. ఆఫ్‌సెట్ 0 తీసుకుంటే టైరు లోపలి గోడ ఆర్మ్‌కి 15 మి.మీ. దగ్గరవుతుంది. వంపులో తిప్పగానే బర్రుమంటుంది, ఆర్మ్ మీద పెయింటు పోయి మెరిసే గీత పడుతుంది. -15 తీసుకుంటే లోపలి అంచు పాత టైరు ఉన్నచోటే ఉంటుంది, బయటి అంచు మాత్రం 40 మి.మీ. బయటికొస్తుంది. అప్పుడు బంపర్ కింది మూల కోయాలి, ముందు మడ్‌ఫ్లాప్ తీసేయాలి, వానాకాలంలో డోర్ల నిండా బురదే. అయినా రెండింట్లో -15 వైపే మా ఓటు: ప్లాస్టిక్‌ని కోయొచ్చు, ఆర్మ్‌ని కోయలేం. -20 దాటితే హబ్ బేరింగుల మీద భారం, స్టీరింగ్ గుంజుడు రెండూ పెరుగుతాయి.

రిమ్ము కొనేముందు పీసీడీ (బోల్టుల సంఖ్య, అవి ఉండే వలయం వ్యాసం) 5x139.7, సెంటర్ బోర్ (నడిమి రంధ్రం) 108 మి.మీ. అని సరిచూసుకోండి. బోర్ 110 ఉన్న రిమ్ములూ అమ్ముతుంటారు. వాటికి ఆ సందుని పూడ్చే హబ్ రింగ్ అడగండి. నట్లు ఎం12x1.25, కోన్ సీటు. ఎదురెదురుగా బిగిస్తూ 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఇవ్వాలి, 100 కి.మీ. తిరిగాక మళ్లీ చూడాలి.

కిట్‌లో స్ప్రింగులు, షాకులు మాత్రమే ఉంటే అది సగం కిట్టే. ఎత్తు పెరిగితే క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం, బండిని నేరుగా నడిపేది ఇదే) తగ్గి బండి రోడ్డు మీద తేలిపోతుంది, గుంత తగిలాక స్టీరింగ్ వణుకు పట్టుకుంటుంది. చాలా షాపుల్లో దీనికి స్టీరింగ్ డ్యాంపర్ (వణుకుని అదిమే చిన్న షాకు) వేసి పంపేస్తారు. అది రోగాన్ని దాస్తుంది, తగ్గించదు. ముందు టైర్ల బ్యాలెన్సింగ్, కింగ్‌పిన్ బేరింగులు (ముందు చక్రం తిరిగే ఇరుసువి), పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే అడ్డ రాడ్) బుష్‌లు చూడాలి. లీడింగ్ ఆర్మ్‌లకి యాక్సిల్ వైపు క్యాస్టర్ బుష్‌లు మార్చాలి, ఒక్కో పక్కకి రెండు. వీటి రంధ్రం నడిమికి ఉండదు, తిరగేసి కొడితే క్యాస్టర్ ఇంకా పడిపోతుంది. యాక్సిల్ పక్కకి జరుగుతుంది కాబట్టి అడ్జస్టబుల్ పాన్‌హార్డ్ రాడ్ కావాలి. రబ్బరు బుష్‌ల బోల్టులు బండి నేల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు బిగించాలి. షాపులో బండిని పైకెత్తి చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. బ్రేకు పైపులు సాగకుండా చూడాలి, హెడ్‌లైట్ల ఎత్తు దించాలి.

డెలివరీ తీసుకునేటప్పుడు చదును నేల మీద స్టీరింగ్ తిప్పి చూస్తే చాలదు. ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూల వెనక చక్రం దిమ్మల మీదికెక్కించి, రెండు వైపులా పూర్తిగా తిప్పాలి, రివర్స్‌లో కూడా.

మీటరు దాదాపు 6 శాతం తక్కువ చూపిస్తుంది: 100 కి.మీ. తిరిగితే ఓడోమీటరు మీద 94.5. మైలేజీ పడిపోయిందని కంగారుపడేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి. గేర్లూ అంతే బరువెక్కుతాయి. 134 న్యూటన్ మీటర్ల ఇంజిన్‌తో అరకు ఘాట్ ఎక్కేటప్పుడు ఒక గేరు దించక తప్పదు, 4 గేర్ల ఆటోమేటిక్‌లో ఇది ఇంకా తెలుస్తుంది. స్టెప్నీ కూడా అదే సైజు కొనాలి. పాత 195 ఒక మూల వేసి 4హెచ్‌లో (నాలుగు చక్రాల డ్రైవ్, హై గేరు) తోలితే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకి శక్తిని పంచే గేరుపెట్టె) మీద ఒత్తిడి పడుతుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 తయారీదారు నిర్దేశాలకి విరుద్ధమైన మార్పుల్ని ఒప్పుకోదు. 182ఏ(4) కింద మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. బీమా క్లెయిము దగ్గరా ఇదే అడ్డొస్తుంది.

వారానికోసారి అనంతగిరి మట్టిదారులు తిరిగే బండికి ఇంత తతంగం అక్కర్లేదు. కంపెనీ రిమ్ము మీదే 215/75 ఆర్15 ఎక్కుతుంది. ఎత్తు 10 మి.మీ. పెరుగుతుంది, లిఫ్ట్ అవసరం రాదు.