మానని షుగర్ పుండు: పీఆర్‌ఎఫ్ వేయాలా, ఉమ్మనీటి పొర వేయాలా?

పాలమూరు, నల్లగొండ వైపు అరికాలి పుండుతో నెలల తరబడి తిరిగేవాళ్ల ముందు రెండు దార్లున్నాయి.

పీఆర్‌ఎఫ్ అంటే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) నిండిన ఫైబ్రిన్ గడ్డ; ఇది సొంత రక్తంతోనే తయారవుతుంది. 10 మి.లీ. రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందేదీ లేని సాదా ట్యూబులోకి తీసి, వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 3,000 చుట్ల చొప్పున 10 నిమిషాలు తిప్పుతారు. అడుగున ఎర్రకణాలు, పైన పలుచని ప్లాస్మా, నడుమ మెత్తటి గడ్డ. కావలసింది ఆ గడ్డే. దాన్ని గాజ్ గుడ్డ మధ్య నొక్కి పుండు మీద పరిచి కట్టు కడతారు, సాధారణంగా వారానికోసారి. చెడిపోయేది ఎక్కువగా ఆలస్యం వల్లే: తిప్పేలోపే రక్తం గడ్డకడితే పొరలు విడిపోవు. పుండు పెద్దదైతే ఒక ట్యూబు చాలదు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువుంటే ఈ దారి వద్దు.

ఉమ్మనీటి పొర అంటే కడుపులో బిడ్డ చుట్టూ ఉండే పలుచని పొర. దాన్ని ఎక్కువగా సిజేరియన్ కాన్పుల నుంచి, తల్లికి హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలు చేశాకే సేకరిస్తారు. ముంబై టాటా మెమోరియల్ టిష్యూ బ్యాంకు దాన్ని ఆరబెట్టి, గామా కిరణాలతో శుద్ధి చేస్తుంది. సూది బాధ లేదు, వెడల్పు పుండుకూ సరిపోతుంది. కానీ బయటి నుంచి తెప్పించాలి. రసి ఎక్కువగా కారితే జారిపోతుంది.

చిన్న పుండుకు, సెంట్రిఫ్యూజ్ ఉన్నచోట, పీఆర్‌ఎఫ్‌కే మా మొగ్గు. అయితే చచ్చిన కండ తీయకుండా, ఎముకకు చీము పట్టిందేమో, కాలికి రక్తం అందుతోందో చూడకుండా ఏది వేసినా దండగ. కట్టు కట్టించుకుని ఒట్టికాళ్లతో పొలానికి పోతే అంతే సంగతులు. ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు అట్ట ఉన్న) చెప్పులో, కాలి మీద బరువు పడనివ్వని కట్టో తప్పదు. నాలుగు వారాల్లో పుండు సగానికి తగ్గకపోతే వైద్యం మార్చమని అడగండి.