విమాన దూరం చెప్పే సైట్లు: కిలోమీటర్లు నమ్మొచ్చు, గంటలు మాత్రం కాదు

రెండు నగరాల పేర్లు కొడితే మధ్య దూరం, విమానంలో పట్టే సమయం చూపించే ఉచిత సైట్లు బోలెడున్నాయి. హంగులు వేరైనా లోపలి లెక్క దాదాపు ఒకటే. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి మీద వాటిని కలిపే అతి దగ్గరి దారిని కొలుస్తాయి. దీన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. కొన్ని సైట్లు భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న నిండు గోళం అనుకుంటాయి, కొన్ని ధ్రువాల దగ్గరి నొక్కును కూడా లెక్కేస్తాయి. రెంటికీ తేడా మహా అయితే అర శాతం.

దూరంలో తప్పు వస్తే అది ఎక్కువగా మనం కొట్టిన పేరు వల్లే. శాన్ హోసే అని కొడితే కోస్టారికా రాజధాని రావచ్చు, కాలిఫోర్నియాలోది రావచ్చు. పైగా చాలా సైట్లు ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తాయి. టోక్యోకి నరీతా విమానాశ్రయం 60 కి.మీ. పైనే ఉంటుంది. అందుకే మూడక్షరాల ఎయిర్‌పోర్ట్ కోడ్ తీసుకునే సైటే మేలు. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ ఈ పని శుభ్రంగా చేస్తుంది. యూనిట్ కూడా ఓసారి చూసుకోండి: మామూలు మైలు 1,609 మీటర్లు, నాటికల్ మైలు 1,852.

ఇక సమయం. ఇక్కడ జరిగేది ఒట్టి భాగహారం. చాలా సైట్లు దూరాన్ని గంటకు 800 కి.మీ.తో భాగించి, విమానం నేల నుంచి పైకి లేవడానికి, కిందికి దిగడానికి అరగంట కలుపుతాయి. లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే 5,540 కి.మీ. అంటే 7 గంటల 25 నిమిషాలు. అటు వెళ్లినా ఇటు వచ్చినా అంతే చూపిస్తుంది! నిజానికి పడమరకు వెళ్లే షెడ్యూలు సుమారు 8 గంటలు, తూర్పుకు వచ్చేది సుమారు 7. కారణం పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్. 2020 ఫిబ్రవరిలో ఆ గాలి బాగా కలిసొచ్చి, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. ఊళ్లు తారుమారు చేసి కొట్టి చూడండి. సమయం మారకపోతే ఆ సైటు గాలిని పట్టించుకోవట్లేదన్నమాట.

మూసేసిన గగనతలం ఇంకా పెద్ద చిక్కు. హెల్సింకి–టోక్యో సుమారు 7,800 కి.మీ., సైటు లెక్కన 10 గంటల 15 నిమిషాలు. 2022 నుంచి ఫిన్నిష్ విమానాలు రష్యా మీదుగా పోలేక చుట్టూ తిరుగుతున్నాయి, దాదాపు 13 గంటలు పడుతోంది. దూరం గడిలో మాత్రం పాత అంకే ఉంటుంది.

రన్‌వే దాకా వెళ్లే సమయం, దిగే ముందు గాల్లో చక్కర్లు, మధ్యలో విమానం మారడం ఏవీ ఈ లెక్కలో ఉండవు. 300 కి.మీ. లాంటి చిన్న దూరాల్లో విమానం పూర్తి వేగం అందుకునేలోపే దిగడం మొదలుపెడుతుంది, కాబట్టి అక్కడ ఈ అంచనా మరీ దండగ.

సరైన సమయం కావాలంటే ఎయిర్‌లైన్ టైమ్‌టేబుల్లో బయల్దేరే, చేరే వేళల్ని యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) మార్చి, ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసివేయండి. మార్చిలో కాస్త జాగ్రత్త: అమెరికా గడియారాలు యూరప్ కంటే ముందే మారతాయి. ఆ రెండు మూడు వారాలు లండన్‌కీ న్యూయార్క్‌కీ తేడా 5 కాదు, 4 గంటలే.